ఏభయ్యో వంతు

గొడుగు మూసి గోడకు ఆనించడానికి ఆ పెద్దావిడ మూడుసార్లు తంటాలు పడింది. రెండుసార్లు అది జారి కింద పడింది. ఇక లాభం లేదని హిసయే లేచి వెళ్ళి, గొడుగు తీసుకుని, ఆమెను చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"డిటెక్టివ్ అరిమురా గారంటే మీరేనా?" అని ఆవిడ హిసయేనే అడిగింది.

"కాదమ్మా, నేను ఆయన దగ్గర పనిచేస్తాను. ఆయన అరుగో."

కిటికీ పక్కన బార్లీ టీ ఊదుకుంటూ తాగుతున్న బక్కపలచని మనిషి లేచి తల వంచాడు. నగిసాకి రేవులో గాలాలమ్మే కొట్టు మీద ఆయన ఆఫీసు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. కడుపులో పుండు, ముక్కు మీద కోపం, జన్మలో ఒక్క పందెం కాయలేదన్న గొప్ప, ఈ మూడూ ఆయన ఆస్తులు. అయినా ఆయనంటే హిసయేకి ఎక్కడలేని గురి. అంతకు ముందు ఆమె ఊరి చివర పడవ పందేల మైదానంలో ఇరవై ఏళ్ళు కిటికీ వెనక కూర్చుని టికెట్లు అమ్మింది. మిషన్లొచ్చి ఆ ఉద్యోగం పోయాక ఇక్కడ చేరింది.

పెద్దావిడ చేతిరుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. అందులో పదకొండు పందెం టికెట్లున్నాయి.

"నా పేరు షిజు అండి. మా ఆయన కురమొచి తొకుజి. ఊరుమ్మడి స్నానాల ఇంట్లో నీళ్ళు కాచే బాయిలర్ చూసేవారు. ఇవి మొన్న శనివారం ఆయన కోటు జేబులో దొరికాయి. ఇవి ఆయన కొన్నవో కావో చెప్పండి చాలు. కొన్నారని తేలితే అదీ చెప్పండి, నా మొహం చూసి దాచకండి. సోమవారం కారొచ్చేస్తుంది."

"ఏ కారు?"

"వృద్ధాశ్రమం వాళ్ళది. ఆయన్ని తీసుకెళ్ళడానికి."

అంతవరకూ బిగబట్టుకున్నదల్లా అక్కడ ఏడ్చేసింది. హిసయే వేడి టీ పోసి ఇచ్చింది. అరిమురా తొందరపెట్టలేదు. అవతలివాళ్ళు ఏడుస్తున్నప్పుడు మాత్రం ఆయనకు ఎంత ఓపికో.

సంగతేమిటంటే, తొకుజి, టోఫు కొట్టు సెరా, మంగలి ఇసొబె, టాక్సీ నడిపి రిటైరైన మకబె, ఈ నలుగురూ పదిహేనేళ్ళుగా శనివారం శనివారం కలిసి పడవ పందేలకు వెళ్తారు. డబ్బు ఉమ్మడిది. తొకుజి ఇంట్లో, పెద్దల పూజాపీఠం కింది సొరుగులో, బియ్యపు అప్పడాల రేకు డబ్బాలో ఉంటుంది. నియమం పెట్టింది తొకుజే. డబ్బాలో ఎంతుంటే అంత ఏభై వంతులు చేయాలి. ఒక రేసుకు ఒక్క వంతు, అంతే. రోజుకు మూడు వంతులు పోతే లేచి ఇంటికి రావాలి. పోయినదాన్ని రాబట్టాలని రెట్టింపు కాసేవాడు తమ పక్కన కూర్చోకూడదు. పందేలాడే ఊళ్ళో ఇలాంటి బుద్ధిమంతుల్ని చూసి నవ్వనివాడు లేడు. కానీ నవ్వినవాళ్ళలో సగంమంది దుకాణాలమ్ముకున్నారు. వీళ్ళు మాత్రం ఏటా డబ్బాలోంచే ఖర్చు తీసి వేడినీటి బుగ్గలకు వెళ్ళివస్తున్నారు.

శనివారం ఉదయం డబ్బాలో ఆరు లక్షల యెన్లున్నాయి. సాయంత్రానికి అది ఖాళీ. ఈ పదకొండు టికెట్ల వెల కలిపితే ఐదు లక్షల ఎనభై వేలు. అన్నీ ఆరోజువే, అన్నీ ఓడిపోయినవే.

"ఆయనేమంటున్నారు?" అన్నాడు అరిమురా.

షిజు తల దించుకుంది. "నేనే కాసి ఉంటాను అంటున్నారు. గుర్తులేదు అంటున్నారు. వసంతకాలం నుంచి ఆయనకి మతిమరుపు జబ్బండి. డాక్టరు స్కాన్ తీసి చెప్పారు. ఒకరోజు స్నానానికని బయల్దేరి, ఒక కాలికి నా చెప్పు వేసుకుని వెళ్ళారు."

"ఈ జబ్బు సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, మా అమ్మాయికీ. ఆస్పత్రికి మకబె గారి కార్లో వెళ్ళాం, ఆయన కూడా లోపలికొచ్చారు. మిగతా ఇద్దరికీ చెప్పొద్దని మా ఆయన బతిమాలుకున్నారు. వాళ్ళు తనని జాలిగా చూస్తే భరించలేరట. వాళ్ళకి ఈ గొడవయ్యాకే తెలిసింది."

"శనివారం ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నేను పొద్దున్నే మా చెల్లెలి దగ్గరికెళ్ళాను. తాళంచెవి పాలపెట్టెలో పెడతాం. అది ఆ నలుగురి సంఘంలో అందరికీ తెలుసు."

అరిమురా టికెట్లను ఒక్కొక్కటిగా వెలుతురులో పెట్టి చూశాడు. అన్నిట్లోకీ పెద్దది ఏడో రేసుది. నాలుగో పడవ గెలుస్తుందని అరవై వేలు.

*

తొకుజి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఐదురోజులుగా గంజి తప్ప ఏమీ ముట్టలేదట. హిసయే ఆ వీపు చూసి లోపల బాధపడింది. కిటికీలో కూర్చున్నప్పుడు ఈ మనిషిని ఆమె ఎన్ని వందలసార్లు చూసిందో. ప్రతిసారీ అదే లెక్క, అదే మాట, "అమ్మా, ఒక్క వంతే." పక్కవాళ్ళు ఎగతాళి చేసినా పట్టించుకునేవాడు కాదు.

"తొకుజి గారూ, శనివారం పొద్దున డబ్బా తీశారా?"

"తీసే ఉంటాను. ప్రతి శనివారం తీసేదే కదా. తీసింది గుర్తుంది గానీ, అది ఆ శనివారమో, ముందు శనివారమో తెలీదు." గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయం వేసింది హిసయేకి. "నన్నేమీ అడక్కండి బాబూ. పంపించెయ్యండి. ఇవాళ డబ్బు తగలేశాను, రేపు గ్యాసు పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయి షిజుని తగలేస్తాను."

షిజు తలుపు పక్కకు వెళ్ళి నిలబడింది.

"ఒక్కటే అడుగుతాను," అన్నాడు అరిమురా. జేబులోంచి పదివేల నోటు తీసి దుప్పటి మీద పెట్టాడు. "నా దగ్గర ఇంతే ఉంది. రేపు పందేలకెళ్తున్నాను. ఎంత పెట్టమంటారు?"

"రెండొందలు," అన్నాడు తొకుజి గోడవైపు నుంచే, వెనక్కి తిరక్కుండా. "మిగతాది ఇంట్లో పెట్టి వెళ్ళు. జేబులో ఉంటే చెయ్యి ఊరుకోదు."

బయటికొచ్చాక హిసయే ఆగలేకపోయింది. "చూశారా గురువుగారూ, మతి లేనప్పుడు కూడా లెక్క తప్పలేదు. ఈయన చెయ్యలేదు."

"అది నీకూ నాకూ చాలు. ఆయన కూతురికి చాలదు. అసలు ఆయనకే చాలదు," అని అరిమురా పొట్ట నొక్కుకున్నాడు. "జబ్బు మనిషి ఒక్కరోజు అదుపు తప్పాడంటే ఎవరైనా నమ్ముతారు. ఎవరో అది లెక్కేసుకునే ఈ టికెట్లు పెట్టారు. ఆ ఎవరో దొరకాలి."

*

శుక్రవారం ముగ్గుర్నీ చుట్టొచ్చారు.

సెరా తడిచేతులు ముందుగుడ్డకు తుడుచుకుంటూ నిలబడే మాట్లాడింది. మాట్లాడుతున్నంతసేపూ టోఫు పలకలు కోస్తూనే ఉంది. "అన్నయ్య దొంగతనం చేశాడన్నవాడి నోట్లో సున్నం కొడతాను. శనివారం ఎప్పట్లాగే ఉన్నాడండీ. మూడో రేసు పోయింది. ఐదులో చిన్న గెలుపు. ఏడో రేసులో మేం నాలుగో పడవ మీద పెట్టాం. దాన్ని నడిపే ఆ తొందర పిల్లాడు బయల్దేరే గడియారం ముల్లు పైకి రాకముందే గీత దాటేశాడు, పడవని రేసులోంచి తీసేశారు. మా పన్నెండువేలూ తిరిగొచ్చాయి. అన్నయ్యే మోకాలు పట్టుకుని వెళ్ళి మిషన్లోంచి తెచ్చాడు. పదో రేసయ్యాక ఇంటికొచ్చేశాం. మధ్యలో మా పక్కనుంచి కదిల్తే ఒట్టు."

"మీరెవరైనా కదిలారా?"

"నేను రెండుసార్లు బాత్రూంకెళ్ళాను, అది కూడా రాసుకుంటారా? ఇసొబె తిన్నాక గురకపెట్టాడు. మకబె ఏదో తినడానికని కిందికెళ్ళాడు. మొగాళ్ళకి తిండి గొడవ ఎప్పుడూ ఉండేదేగా."

ఇసొబె కొట్లో కొత్త కుర్చీ మెరిసిపోతోంది. హిసయే దాన్ని చూసి కళ్ళు చిట్లించింది. మూడు లక్షలకు తక్కువుండదు.

"నగదిచ్చి కొన్నారా?" అని అడిగేసింది.

ఇసొబె దువ్వెన పక్కన పెట్టాడు. "ఆ, నగదే. మా బామ్మర్ది చచ్చిపోతూ రాసిచ్చాడు. కాయితం చూపించమంటారా? గడ్డం గీయించుకోడానికొచ్చారా, గొంతు కోయించుకోడానికొచ్చారా మీరు?"

"ఏడో రేసు గుర్తుందా?" అన్నాడు అరిమురా నెమ్మదిగా.

"ఎందుకుండదు? నిద్ర చెడగొట్టింది అదే. గీత ముందే దాటాడని జనం అరిచిన అరుపుకి కుర్చీలోంచి పడబోయాను."

మకబె ఇంటి ముందు కారు తుడుచుకుంటున్నాడు. వాళ్ళను చూడగానే లోపలికి రమ్మని మర్యాద చేశాడు. నారింజపళ్ళు పెట్టాడు. ముగ్గుర్లోకీ ఎక్కువ బాధపడ్డవాడు తనేనన్నట్టు ఉన్నాడు.

"ఏం చెప్పమంటారండీ. వదిన మొహం చూడలేకపోతున్నాను. ఆ రోజు డాక్టరు చెబుతున్నప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఎప్పటికైనా ఇలాంటిది జరుగుతుందని భయపడుతూనే ఉన్నా. అన్నయ్యనేమీ అనకండి. డబ్బు పోతే పోయింది."

"శనివారం మీరు రోజంతా అక్కడే ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను? ఆరో రేసప్పుడు కిందికెళ్ళి పేగుల కూర తిన్నాను. అక్కడే నిలబడి రేసు చూశాను. రేసులన్నీ చూశాను."

"ఏడోది కూడా? తొకుజి గారు అందులోనే అరవై వేలు పోగొట్టుకున్నారు, నాలుగో పడవ మీద."

మకబె తల అడ్డంగా ఊపాడు. "చూశానండీ. మొదటి మలుపులోనే వెనకబడింది ఆ నాలుగోది. ఆఖర్న వచ్చింది. పాపం, ఎంత ఆశపడి కాశాడో."

అరిమురా ఇంకేమీ అడగలేదు. నారింజపండు ఒలుచుకుని, పుండుకు పనికిరాదని తెలిసి కూడా మొత్తం తిన్నాడు. ఆయన అలా తిన్నాడంటే పని అయిపోయిందని హిసయేకి అర్థం. కానీ ఏమిటి అయిపోయిందో మాత్రం దారంతా బుర్ర గోక్కున్నా తట్టలేదు.

*

శనివారం మధ్యాహ్నం, పందేల మైదానంలో ఆ నలుగురూ ఎప్పుడూ కూర్చునే పైవరసలోనే, అందర్నీ అరిమురా కూర్చోబెట్టాడు. తొకుజిని షిజు, వాళ్ళమ్మాయి చెరో పక్కా పట్టుకుని తీసుకొచ్చారు. కూతురు మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. ఆశ్రమం వాళ్ళకు సంతకం పెట్టిన కాయితాలు ఆమె సంచిలో ఉన్నాయి. కింద నీళ్ళ మీద పడవలు రొద చేస్తూ తిరుగుతున్నాయి. హిసయే ఆ సంచి వైపే చూస్తోంది. గురువుగారు ఇవాళ తప్పితే ఈ ముసలాయనకు ఇంకో రోజు లేదు.

"ఇవి చూడండి," అంటూ అరిమురా పదకొండు టికెట్లూ పేకముక్కల్లా పరిచాడు. "డబ్బా ఖాళీ అయింది, జేబులో ఓడిపోయిన టికెట్లున్నాయి. ఇంకేముంది, ముసలాయనే కాశాడనుకున్నారు. కానీ ఓడిన టికెట్లు ఈ మైదానంలో ఎక్కడుంటాయి? హిసయే, నువ్వు చెప్పు."

"నేల మీదండీ. ఓడినవాళ్ళు అక్కడే పారేసి పోతారు. సాయంత్రానికి చీపురుతో కుప్పలు తీస్తారు."

"అంటే వీటిని కొనక్కర్లేదు. వంగి ఏరుకుంటే చాలు. పెద్ద మొత్తాలవి చూసి, మొత్తం ఆరు లక్షలకి దగ్గరగా వచ్చేదాకా ఏరి, కుర్చీకి తగిలించిన కోటు జేబులో తోస్తే పనయిపోతుంది."

"అలా అనుకోడానికి ఆధారమేంటండీ?" అంది కూతురు. గొంతు గట్టిగానే ఉంది. "నాకూ మా నాన్న దొంగ కాకపోతే బాగుండుననే ఉంది. కానీ బాగుండుననుకుంటే సరిపోదు కదా."

"సరిపోదు," అని ఒప్పుకున్నాడు అరిమురా. ఏడో రేసు టికెట్ తీసి మకబె చేతిలో పెట్టాడు. "మకబె గారూ, మీరు కొంచెం శ్రమపడి దీన్ని ఆ మిషన్లో పెట్టి చూడండి."

"ఓడిపోయినదాన్ని పెడితే ఏం వస్తుంది?"

"పెట్టండి, చూద్దాం."

మకబె నవ్వుకుంటూ వెళ్ళాడు. అందరూ చూస్తుండగా టికెట్ లోపలికి పోయింది. మిషన్ కాసేపు గిరగిరమంది. తర్వాత కింది అరలోకి పదివేల నోట్లు ఆరు వచ్చి పడ్డాయి. మకబె వాటిని ముట్టుకోలేదు.

హిసయే నెత్తి కొట్టుకుంది. ఇరవై ఏళ్ళు కిటికీ వెనక కూర్చుని ఆమె వేలసార్లు చేసిన పని అది. పడవ గీత ముందే దాటితే దాని మీద కాసిన ప్రతి టికెట్‌కూ డబ్బు వాపసు. అది తెలుసుకోకుండా కోపంతో టికెట్లు విసిరేసి పోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాటిని ఏరుకుని బతికేవాళ్ళు కూడా ఉంటారు.

అరిమురా నోట్లు తీసి మడిచాడు. "ఇది ఎవరో పారేసుకున్నవాళ్ళది, పోలీసులకి అప్పగిస్తాను. ఇప్పుడు ఆలోచించండి. అదే రేసులో, అదే నాలుగో పడవ మీద సంఘం పన్నెండువేలు పెట్టింది. డబ్బు వాపసని తెలిసి తొకుజి గారు మోకాళ్ళ నొప్పితో స్వయంగా వెళ్ళి తెచ్చారు, సెరా గారు చూశారు. పన్నెండువేల కోసం మిషన్ దాకా వెళ్ళినాయన, జేబులో ఉన్న అరవై వేల టికెట్‌ని అక్కడే ఉంచుకుంటారా? మర్చిపోయారనుకోడానికి కూడా వీల్లేదు. అదే నిమిషం, అదే మిషన్. ఈ టికెట్ అప్పుడు ఆయన జేబులో లేదు."

కూతురు సంచి పట్టుకున్న చెయ్యి వదులైంది.

"ఇక పెట్టిందెవరు? ఏడో రేసు చూసిన ఎవ్వరూ ఈ టికెట్ ఏరరు. ఏరినా, జేబులో పెట్టకుండా డబ్బు తీసుకుంటారు. అంటే ఆ సమయానికి ఇక్కడ లేనివాడు ఏరాడు. తర్వాతొచ్చి, ఎవర్నీ అడక్కుండా, బోర్డు మీద గెలిచిన నంబర్లు మాత్రం చూసుకుని, నాలుగో పడవ ఓడిందనుకున్నాడు. ఇసొబె గారు జనం అరుపుకి కుర్చీలోంచి పడబోయారు. సెరా గారు ఇప్పటికీ ఆ కుర్రాణ్ణి తిడుతున్నారు. ఒక్క మకబె గారే, ఆ పడవ మొదటి మలుపులో వెనకబడి ఆఖర్న వచ్చిందని నాతో చెప్పారు. రేసులోంచి తీసేసిన పడవ ఆఖర్న ఎలా వస్తుందండీ?"

కింద ఏదో రేసు మొదలైంది. ఎవరూ అటు చూడలేదు.

"ఇక్కణ్ణుంచి వాళ్ళింటికి కార్లో పది నిమిషాలు," అన్నాడు అరిమురా. "పాలపెట్టెలో తాళంచెవి. అన్నిటికన్నా ముఖ్యం, జబ్బు సంగతి అప్పటికి మీ ముగ్గురిలో మీకొక్కరికే తెలుసు. తొకుజి గారు తననే అనుమానించుకుంటారని తెలిసినవాడే ఈ పన్నాగం పన్నగలడు."

మకబె మెట్టు మీద కూలబడ్డాడు. "ఫోన్లో కాసేవాణ్ణి," అన్నాడు. "కార్లో కూర్చుని, ఒక్కణ్ణే. మొదట ఐదువేలు. పోయింది. పదివేలు పెట్టాను. అదీ పోయింది. ఇరవై, నలభై, ఎనభై. ఒక్కటి తగిల్తే అంతా వెనక్కొస్తుందనుకున్నాను. మా ఆవిడ పాసుబుక్కు ఖాళీ అయిపోయింది. పోయిన సోమవారం తను బ్యాంకుకెళ్తానంది. ఏం చెయ్యను? మీ డబ్బు ఆ ఖాతాలోనే వేశాను. ఒక్క యెన్ను కూడా ముట్టలేదు."

"సిగ్గు లేదట్రా నీకు?" సెరా లేచింది. "డబ్బా కావాలంటే మా నెత్తిన కొట్టి పట్టుకుపో. జబ్బు మనిషికి తన మతి మీదే నమ్మకం పోగొడతావా?"

ఇసొబె ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. పట్టుకున్నవాడే మకబె వైపు చూసి మొహం తిప్పేసుకున్నాడు.

తొకుజి అంతసేపూ భార్య మొహం వైపు చూస్తూ ఉన్నాడు. విన్నది తనకు సరిగ్గా అర్థమైందో లేదో ఆమెను అడిగి తేల్చుకోవాలనుకున్నాడేమో.

"షిజూ, నేను కాదా?"

"కాదండీ. మీరు కాదు."

"నిజంగానా?"

"నిజంగానే."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. హిసయే కూడా కళ్ళొత్తుకుంది, అరిమురా చూస్తున్నా దాచుకోలేదు. తర్వాత తొకుజి మకబె వైపు తిరిగాడు.

"వెధవా, నన్నడిగి తీసుకున్నా ఇచ్చేవాణ్ణి కదా. తర్వాత నాకెలాగూ గుర్తుండేది కాదు."

నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. మకబె మాత్రం మెట్టు మీదే చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. భార్యకు తనే చెబుతాననీ, సోమవారం బ్యాంకులోంచి డబ్బు తెచ్చి సెరా చేతికిస్తాననీ అన్నాడు. తొకుజి తలూపాడు.

"అవును, సెరాకే ఇవ్వు. డబ్బా ఇక నా దగ్గరొద్దు."

"అదేంటన్నయ్యా?" అంది సెరా. "నువ్వు చెయ్యలేదని తేలిపోయింది కదా."

"ఈసారి చెయ్యలేదు. కానీ చేశానంటే వారంరోజులు నేనే నమ్మానమ్మా. ఎంత వెతుక్కున్నా లోపల 'కాదు' అనేవాడు ఒక్కడూ దొరకలేదు. అలాంటివాడి దగ్గర మీ డబ్బెందుకు? తెలివున్నప్పుడే చెబుతున్నాను, తీసుకుపో."

కూతురు సంచిలోంచి ఆశ్రమం కాయితాలు తీసి తల్లి ఒడిలో పెట్టి, "నువ్వే చెప్పమ్మా వాళ్ళకి," అంది.

షిజు ఫోను తీసుకుని పక్కకు వెళ్ళింది. హిసయే దగ్గర్లోనే ఉంది కాబట్టి మాటలన్నీ వినబడ్డాయి. సోమవారం కారు అక్కర్లేదండీ, అని చెప్పింది షిజు. మరెప్పుడు పంపమంటారని అవతలివాళ్ళు అడిగారు. షిజు వెనక్కి తిరిగి, ఇసొబె చేతిలోంచి అన్నం ముద్ద తీసుకుని ఆబగా తింటున్న భర్తను చాలాసేపు చూసింది.

"ఎప్పుడో తెలియదండీ," అంది చివరికి. "ఆ రోజొస్తే నేనే ఫోన్ చేస్తాను."